ఒరగల్లు మీద కొన్ని మాటలు



1979 ఆగస్టు 10వ తేదీన శ్రీహరికోట నుండి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు తొలిసారి పైకి లేచి, కక్ష్యను చేరకుండానే బంగాళాఖాతంలో పడిపోయినది. 1980 జూలై 18వ తేదీన అదే తరగతికి చెందిన రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపినది. ఈ రెండు ఘటనలను గురించి తెలుగులో వ్రాయవలసి వచ్చినవారికి చేతికందే మాట ఒక్కటే: ప్రయోగం. మొదటిదీ ప్రయోగమే, రెండవదీ ప్రయోగమే. పలుమార్లు పనిచేసి నిలిచిన రాకెట్టుతో పరదేశాల ఉపగ్రహాలను రుసుము పుచ్చుకొని పంపినా అదీ ప్రయోగమే. హిందీలో ఈ చిక్కు లేదు. ఆకాశానికి పంపడం ప్రక్షేపణ్. పనితీరు సరిచూచుకొనడం పరీక్షణ్. తెలియని సంగతిని తెలుసుకొనడానికి చేసేది ప్రయోగ్. ఈ మూడు మాటలనూ ఒకే వాక్యంలో వాడిన హిందీ వ్యాసాన్ని తెలుగు చేయడానికి కూర్చున్న అనువాదకుడు రెండవ మాట దగ్గరనే కలం ఆపవలసి వస్తుంది.

తెలుగులో మాటలు లేక కాదు. ఒక వస్తువును, ఒక పద్ధతిని పూర్తిగా వాడుకలోకి తెచ్చే ముందు కొద్దిగా చూచుకొనడమనే పనికి తెలుగులోను, ఇరుగుపొరుగు భాషలలోను ఉన్న పేర్లు లెక్కకు మిక్కిలి. కంసాలి దుకాణంలో ఒకటి, ధాన్యపు మండీలో ఒకటి, వంటింట్లో ఒకటి, కచేరీలో ఒకటి. ఒక్కొక్క మాట ఒక్కొక్క వృత్తిలో పుట్టినది కాబట్టి ఒక్కొక్కదానిలో ఒక్కొక్క లెక్క ఇమిడి ఉన్నది: చూస్తున్నది దేనిని, ఆ చూపునకు ఖర్చయ్యేది ఎంత, నష్టం వస్తే భరించేది ఎవరు. పైకి పర్యాయపదాలుగా కనిపించే ఈ మాటలు ఈ లెక్క దగ్గర విడిపోతాయి. లెక్క చూడకుండా ఒక మాటకు బదులు మరొకటి వాడినప్పుడు ఏమి జరుగుతుందో చెప్పడానికి ఖమ్మం జిల్లా ఉదంతమొకటి ఉన్నది. దాని దగ్గరకు రాకముందు మాటల వరుస కొంత చూడవలె.

ముందుగా బంగారం. నల్లని, నునుపైన రాతి మీద నగను ఒరసి, పడిన గీటు రంగును బట్టి వన్నె చెప్పడం ఈ దేశమంతటా ఉన్న విద్య. ఆ రాతికి తెలుగులో ఒరగల్లు అని, గీటురాయి అని పేర్లు. కన్నడంలో ఒరెగల్లు, తమిళంలో ఉరైకల్, మలయాళంలో ఉరకల్లు. సముద్రం దాటి సింహళానికి పోతే అక్కడ ఉరగల. ఒరయు, ఒరసికొను, ఒరపిడి అనే మాటలు తెలిసిన తెలుగువారికి ఈ పేర్లలో ఏదీ పరాయిదిగా తోచదు. ఉత్తరాదికి పోతే ధ్వని మారుతుంది గాని ఊహ మారదు. సంస్కృతంలో కష్ అనగా ఒరయుట. కషము, నికషము అనేవి ఒరగల్లుకు పేర్లు. ఆ కషపట్టికయే హిందీలో కసౌటీ అయినది. పంజాబీలో కసవట్టీ, మరాఠీ గుజరాతీలలో కసోటీ, బెంగాలీలో కష్టిపాథర్. మరాఠీ పత్రికలు క్రికెట్ టెస్ట్ మ్యాచిని కసోటీ సామనా అంటాయి. అయిదు రోజుల ఆటకు ఇంతకంటె తగిన పేరు మరే భాషలోనైనా ఉన్నదా అనిపిస్తుంది.

గీటును బట్టి చెప్పే స్వచ్ఛతకు తెలుగులో వన్నె అని పేరు. మేలిమి బంగారం పదహారు వన్నెలది. హిందీలో అదే బారహ్‌బానీ, అనగా పన్నెండు వన్నెలది. వన్నె, బానీ రెండూ వర్ణ శబ్దం నుండి వచ్చినవే. అక్బరు టంకశాలను వర్ణిస్తూ అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో ఈ సంగతి వ్రాశాడు: ఇరానువారు మేలిమికి పది మెట్లు లెక్కపెడితే హిందూస్థానంలో పన్నెండు లెక్కపెడతారట. తెలుగు దేశపు కంసాలి లెక్క ఇంకా నాలుగు మెట్లు పైకి పోయినది. అంతకు రెండున్నర శతాబ్దాలకు ముందే, 1318లో, ఢిల్లీ టంకశాలతో సంబంధమున్న ఠక్కుర ఫేరు అనే జైన పండితుడు నాణేల మీద ద్రవ్యపరీక్ష అనే గ్రంథం వ్రాశాడు; దానికి మూడేళ్ళ ముందు రత్నాల మీద మరొకటి వ్రాశాడు. పరీక్ష అనే మాటకు ఆనాడు మొదట తోచే అర్థం బడి పిల్లల ప్రశ్నపత్రం కాదు. నాణెం మంచిదా, మణి మంచిదా అని చూచే వ్యాపారి చూపు.

పరి అనగా చుట్టూ. ఈక్ష అనగా చూచుట. తిప్పి తిప్పి అన్ని వైపులా చూడడమే పరీక్ష. ఈ మాట జనం నోట నలిగి హిందీలో పరఖ్ అయినది. చూచేవాడు పారఖీ అయినాడు. గుజరాతులో నాణేలను సరిచూచే వృత్తివారికి పరీక్షకులని పేరు. వారి ఇంటిపేరే నేటి పారేఖ్, పరీఖ్. తెలుగులోనూ పరకాయించి చూడడమనే మాట పల్లెలలో బ్రతికే ఉన్నది. ఇంటిపేర్ల మాట వచ్చినది కాబట్టి తెలుగునాట ఉన్న షరాబుల సంగతీ చెప్పుకొనవలె. అరబ్బీ సర్రాఫు హిందీ మీదుగానో దక్కనీ ఉర్దూ మీదుగానో నడచి వచ్చి ఇక్కడ షరాబు అయినాడు. అతని చేతిలోనిది నాణెం. అతడు చెప్పేది నాణ్యం. తమిళంలో నాణయం అంటే నాణెమూ అవుతుంది, మనిషి నిజాయితీ కూడా అవుతుంది.

కచేరీ మాటలలో అన్నిటికంటె విచిత్రమైనది అజమాయిషీ. పారసీలో ఆజ్మాయిష్ అనగా పరీక్షించి చూచుట. హిందీలో నేటికీ ఆజ్మానా అనేది ఆ అర్థంలోనే ఉన్నది. కొత్త మందునైనా, పాత మిత్రునినైనా ఆజ్మాకర్ దేఖనా అంటారు. ఆ మాట రెవెన్యూ దస్త్రాలతో తెలుగు పల్లెలకు వచ్చినది. పొలంలో పైరు ఉన్నదా లేదా, ఏ పైరు ఎంత మేర ఉన్నది అని అధికారి తిరిగి చూడడం అజమాయిషీ అయినది. పొలం చూచేవాడు క్రమంగా పొలం మీద పెత్తనం చేసేవాడైనాడు. నేటి తెలుగులో అజమాయిషీ చేయడమంటే అదుపులో పెట్టుకొని పైన నిలిచి చూడడం. పరీక్ష అనే అర్థం అడుగంటినది, అధికారమనే అర్థం మిగిలినది. హిందీ కథలో ఆజ్మాయిష్ అని కనబడగానే తొందరపడి అజమాయిషీ అని వ్రాసిన అనువాదకుడు ప్రేయసి మనసు తెలుసుకొనబోయిన నాయకుణ్ణి తహసీల్దారును చేసినవాడవుతాడు.

ఇక ఒరగల్లు మీది లెక్క. బంగారాన్ని ఒరసినందువలన నగకు కలిగే నష్టం వెంట్రుకవాసి గీటు. చూచిన తరువాత నగ నగగానే ఉంటుంది. యజమాని ఇంటికి తీసుకొనిపోతాడు. ఇటువంటి పరీక్షలు ధన్యమైనవి. కుండలు కొనేవారు వ్రేలితో కొట్టి చూస్తారు. హిందీలో ఠోక్ బజాకర్ దేఖనా అనే పలుకుబడి ఆ అంగడి నుండి వచ్చినదే. కుండ మోగుతుంది, పగలదు. కాని వంటింట్లోను, ధాన్యపు మండీలోను లెక్క మారుతుంది. అక్కడ చూచినది తిరిగి రాదు.

అన్నం ఉడికినదో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని తెలుగు ఇల్లాలికి ఒకరు చెప్పనవసరం లేదు. సంస్కృత శాస్త్రకారులు దీనికి స్థాలీపులాక న్యాయమని పేరు పెట్టారు. పతంజలి మహాభాష్యంలో ఈ దృష్టాంతం ఉన్నది. ధాన్యపు బస్తాలో మొనదేలిన గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు తీయడమూ ఈ న్యాయమే. హిందీ మండీలలో ఆ పనిముట్టుకు పరఖీ అని పేరు. తీసిన గింజలు బానగీ. తెలుగులో ఆ గింజలు మచ్చు. మచ్చుకు ఒకటి చెప్పండి అని సంభాషణలో అన్నప్పుడు తెలియకుండానే ఆ బస్తాను తలచుకొంటున్నాము. నమూనా పారసీ నుండి, మాదిరి దక్షిణాది నుండి వచ్చి మచ్చు ప్రక్కన నిలిచినవి. కాని మాదిరి చూచి చేసేదానికి, మచ్చు చూచి కొనేదానికి. దర్జీకి ఇచ్చేది మాదిరి చొక్కా. బియ్యం వ్యాపారి చూపేది మచ్చు.

మెతుకు న్యాయానికి ఒక షరతు ఉన్నది. ఒకే కుండ, ఒకే నీరు, ఒకే మంట అయినప్పుడే ఒక మెతుకు మిగిలిన మెతుకులన్నిటికీ సాక్షి అవుతుంది. బస్తాలోనైతే పైన మంచి గింజలు పోసి అడుగున తాలు దాచే వ్యాపారి కోసమే ఆ గొట్టం అంత పొడవుగా చేయబడినది. వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఈ షరతును మరువలేదు. 1965లో హైదరాబాదు రాజేంద్రనగర్ కేంద్రంగా అఖిల భారత వరి సమన్వయ పథకం మొదలైనప్పుడు దాని మూలసూత్రం ఇదే: ఒక చోట పండిన వంగడం మరొక చోట పండుతుందని ముందే అనుకొనరాదు, పలు మట్టులలో, పలు వాతావరణాలలో వేసి చూడవలె. పరిశోధనా కేంద్రంలో నెగ్గిన వంగడాన్ని తరువాత కొద్ది కొద్దిగా రైతులకు ఇచ్చి వారి పొలాలలోనే వేయించి చూస్తారు. ఆ విత్తనపు పొట్లాలకు తెలుగు వ్యవసాయ రచనలలో చిరుసంచులు అని పేరు వచ్చినది. ఎవరు పెట్టినారో గాని చక్కని పేరు. అందులో ప్రయోగం లేదు, పరీక్ష లేదు. సంచి చిన్నదని మాత్రం ఉన్నది. రైతుకు కావలసిన సమాచారమంతా అదే. పోతే పొలంలో ఒక మూల పోతుంది, ఇల్లు గడవడానికి మిగిలిన పొలం ఉన్నది.

అడిగి ఇచ్చిన మూల అది. అడగకుండా మనిషినే పరీక్షకు పెట్టే మాటలు కూడా ప్రాచీనమైనవే. కౌటిల్యుడు అమాత్యుల శీలాన్ని రహస్యంగా తెలుసుకొనే ఉపాయాలకు ఉపధలని పేరు పెట్టి, ధర్మం పేరిట, ధనం పేరిట, కామం పేరిట, భయం పేరిట నాలుగు విధాలు చెప్పాడు. కఠినుడని పేరుపొందిన ఆ ఆచార్యుడే అక్కడ ఒక హెచ్చరిక చేశాడు. ఈ పరీక్షలలో రాజును గాని రాణిని గాని ఎరగా వాడరాదనీ, నిర్మలమైన మనస్సును నీటిలో విషం కలిపినట్లు ఈ పరీక్షయే చెడగొట్టవచ్చుననీ, ఒకసారి చెడిన బుద్ధి మళ్ళీ స్వస్థానానికి రాకపోవచ్చుననీ ఆయన అభిప్రాయం. ఒరగల్లు మీద బంగారం మారదు. ఉపధలో మనిషి మారవచ్చును. పరీక్షను గురించి ఇంతకంటె సూక్ష్మమైన మాట అర్థశాస్త్రం వంటి గ్రంథంలో ఉండడం ఆశ్చర్యం కలిగిస్తుంది.

మన కాలంలో ప్రజల మీద జరిగిన పరీక్షలలో రెండింటిని చెప్పుకొనవచ్చు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహం ఏ.టి.ఎస్.-6 సహాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు అందినవి. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. తెలుగు ఆ ప్రసార భాషలలో ఒకటి. దాని పేరులోనే ప్రయోగం అనే మాట ఉన్నది, గడువు ఒక సంవత్సరమని మొదటనే చెప్పారు, గడువు తీరగానే ఉపగ్రహం వెనుకకు పోయినది. పేరుకు తగినట్లు నడచిన పని అది. రెండవది కేరళలోనిది. 1982 మే నెలలో పరవూరు శాసనసభ నియోజకవర్గంలో 50 పోలింగు కేంద్రాలలో బ్యాలెట్ పత్రాలకు బదులు ఓటింగు యంత్రాలను మొదటిసారి వాడి చూచారు. యంత్రం పనిచేసినది. కాని ఆ రోజు యంత్రం చూచినది మాదిరి ఓటును కాదు, నిజమైన ఓటును. తేలినది నిజమైన శాసనసభ్యుడు. 1984లో సుప్రీంకోర్టు చట్టంలో లేని పద్ధతితో ఓటు వేయించరాదని చెప్పి, ఆ 50 కేంద్రాలలో మళ్ళీ బ్యాలెట్ పత్రాలతో పోలింగు జరిపించినది. ఫలితం తారుమారయినది. 1988లో చట్టాన్ని సవరించిన తరువాతనే యంత్రాలకు దారి ఏర్పడినది. నేడు ప్రతి పోలింగు ఉదయాన అసలు ఓట్లకు ముందు ఏజెంట్ల ఎదుట జరిగే మాదిరి పోలింగు చూస్తే ఆ తేడా తెలుస్తుంది. మాదిరి ఓట్లను లెక్కించి తుడిచివేస్తారు. పరవూరులో తుడిచివేయడానికి వీలులేని ఓట్ల మీద చూచారు.

ఇప్పుడు ఖమ్మం. 2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, తరువాత గుజరాతులోని వడోదరలో, పది నుండి పధ్నాలుగేండ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే టీకా ఇచ్చారు. ఖమ్మంలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు అందుకు ఎంపికయినవి. బాలికలలో చాలమంది గిరిజనులు, హాస్టళ్ళలో ఉండి చదువుకొనేవారు. టీకా అప్పటికే దేశంలో అమ్మకానికి అనుమతి పొందినది. ప్రభుత్వ కార్యక్రమంగా ఎట్లు అందించవచ్చునో తెలుసుకొనడం ఆ పథకం ఉద్దేశమని నిర్వాహకులు చెప్పారు. దానికి ప్రదర్శన పథకమని, పరిశీలనాత్మక అధ్యయనమని ఆంగ్లంలో పేర్లు పెట్టారు. కొందరు బాలికలు మరణించడంతో ఆందోళన రేగినది. 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం పథకాన్ని నిలిపివేసినది. విచారణ సంఘం ఆ మరణాలకు టీకా కారణమని చెప్పలేదు. ఆ టీకాను ఆ తరువాత అనేక దేశాలు, మన దేశంలో 2018లో సిక్కిం రాష్ట్రం, తమ కార్యక్రమాలలో చేర్చుకొన్నవి. కాని సమ్మతి పత్రాల సంగతి వేరు. వాటిలో ఎన్నో తల్లిదండ్రుల చేతివ్రాలు లేనివి. హాస్టలు వార్డెనులు, ప్రధానోపాధ్యాయులు సంతకం చేసినవి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో ఆ పేర్లనే నిలదీసినది. ఇది మనుషుల మీద జరిగిన ఔషధ పరీక్ష కానట్లయితే ఎందుకు కాదు, అయినట్లయితే ఔషధ పరీక్షకు ఉన్న నిబంధనలు ఎందుకు పాటించలేదు అన్నదే వివాదం.

వివాదమంతా పేరు మీద నడచినదన్న సంగతి భాషతో పనిచేసేవారు గుర్తించవలె. ప్రదర్శన అంటే అప్పటికే తెలిసినదానిని చూపడం; పరిశీలన అంటే తాను చేయి పెట్టకుండా జరిగేదానిని చూడడం. రెండింటిలోనూ ఎవరికీ నష్టం ఉండదు, కాబట్టి ఎవరినీ అడగనవసరం లేదు. సూది పడేది పదేండ్ల పిల్ల భుజం మీద అయినప్పుడు ఈ రెండు మాటలూ ఆ పిల్లను వాక్యంలో నుండి తప్పించివేస్తాయి. ప్రదర్శించేవారు ఉన్నారు, పరిశీలించేవారు ఉన్నారు. పరీక్షకు లోనైనది ఎవరో ఆ పేరులో లేదు.

తెలుగులో పేరు పెట్టవలసి వచ్చినా చిక్కు తీరేది కాదు. ఔషధ పరీక్షలు అని పత్రికలు వ్రాసే మాట పల్లెటూరి తల్లి చెవిలో ఎట్లు పడుతుంది? ఆసుపత్రిలో పరీక్ష చేయడమంటే రక్తం తీసి రోగం ఏమిటో చెప్పడం, తనకు మేలు చేయడం. మీ అమ్మాయికి పరీక్ష అంటే ఆమె సంతోషంగా ఒప్పుకొంటుంది. పరీక్ష అమ్మాయికి కాదు, మందుకు. అమ్మాయి ఒరగల్లు మాత్రమేనని ఆ మాట చెప్పదు. పోనీ ప్రయోగం అందామంటే దానికి మరొక కష్టం. తెలుగులో బాణ ప్రయోగం, బలప్రయోగం, బాష్పవాయు ప్రయోగం ఉన్నవి. పల్లెలలో చేతబడి చేయడాన్ని కూడా ప్రయోగం చేశారంటారు. మీ అమ్మాయి మీద ప్రయోగం అన్న మరుక్షణం తల్లి పిల్లను కొంగు చాటుకు లాగుకొంటుంది. మందు మంచిదైనా ఇక ఆ ఊరికి రాదు. హిందీవారికి ఈ భయం తక్కువ, ఏమనగా అక్కడ ప్రయోగ్ కరనా అంటే వాడుట అని కూడా అర్థం. మందు సీసా మీద ప్రయోగ్ విధి అని ఉంటే అది వాడే పద్ధతి. ఆ చీటీని తెలుగు చేస్తూ ప్రయోగ విధానం అని వ్రాస్తే సీసా తెరిచేవారికి గుండె దడ పుడుతుంది. ఒక భాషలో దినుసు వంటి మాట ఇంకొక భాషలో ఆయుధం వంటిది.

మోహన్‌దాస్ గాంధీ తన ఆత్మకథను గుజరాతీలో వ్రాసినప్పుడు దానిని సత్యంతో చేసిన ప్రయోగాలు అన్నాడు. హిందీలో, మరాఠీలో ప్రయోగ శబ్దమే నిలిచినది. తెలుగులో ఆ గ్రంథం సత్యశోధనగా ప్రసిద్ధి పొందినది. తమిళంలో సత్తియ సోదనై. దక్షిణాది అనువాదకులు ప్రయోగాన్ని వదలి శోధనను పట్టుకొనడంలో ఈ చెవి పనిచేసి ఉండవచ్చు. శోధనలో వెదకుట ఉన్నది, శుద్ధి చేయుట ఉన్నది; తెలుగు బైబిలు పాఠకులకు దానిలో మనిషిని పడద్రోయజూచే ఆకర్షణ అనే అర్థం కూడా వినబడుతుంది. ఇన్ని ఛాయలు ఆ జీవితానికి తగినవే. ఆ పుస్తకంలో ఒరగల్లు, బంగారం రెండూ ఒకరే. తిండి మీద, వ్రతాల మీద ఆయన మొదట చూచినది తన దేహం మీదనే. ఇంట్లోవారి మీద కూడా కొంత చూచాడనీ, వారికి కాదనే అవకాశం ఎంత ఉండేదో చెప్పడం కష్టమనీ ఆ గ్రంథాన్ని శ్రద్ధగా చదివేవారికి తోచక మానదు.

మరి ఆ పల్లె తల్లికి చెప్పే మాట ఏది? నామవాచకాలలో వెదికితే దొరకదు. క్రియలో ఉన్నది. తిని చూడు, అడిగి చూడు, వేసి చూడు, వాడి చూడు అని తెలుగువారు రోజుకు వందసార్లు అంటారు. ముందు ఒక పని, దాని వెనుక చూచుట అనే క్రియ. రెండూ కలిసి ఇంకా తెలియదు, తెలుసుకొనడానికి చేయి అనే అర్థం ఇస్తాయి. కన్నడంలో తిందు నోడు, తమిళంలో సాప్పిట్టుప్ పార్, మలయాళంలో కళిచ్చు నోక్కు, హిందీలో ఖాకర్ దేఖో, మరాఠీలో ఖాఊన్ బఘ్, బెంగాలీలో ఖేయే దేఖో, సింహళంలో కాలా బలన్న. కుటుంబాలు వేరైన భాషలు ఒకే నేల మీద కలిసి బ్రతికినందువలన ఒకే పోకడలకు వచ్చినవని ఎమెనో అనే భాషాశాస్త్రవేత్త 1956లో వ్రాసిన వ్యాసంలో ప్రతిపాదించాడు. ఈ చూచుట ఆ మాటకు మంచి ఉదాహరణగా నిలువగలదు.

ఈ వాడుకలోని సత్యమేమంటే, చూడు అన్నవాడు ఫలితం తనకు తెలుసునని చెప్పడం లేదు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అనే సామెతలో ఇదే క్రియ వ్యంగ్యంగా వచ్చినది, ఎందుకనగా ఆ రెండు పనులకూ మచ్చు లేదు, చిరుసంచి లేదు. కొంచెం కట్టి, కొంచెం చేసి చూడడానికి వీలులేదు. ఈ సామెత తమిళంలో ఉన్నది, కన్నడంలో ఉన్నది, మరాఠీలో ఘర్ పాహావే బాంధూన్, లగ్న పాహావే కరూన్ అని ఉన్నది. దేశంలో సగానికి ఇల్లు, పెళ్ళి ఒకే విధంగా అనుభవానికి వచ్చినట్లున్నవి.

2019లో వచ్చిన నూతన ఔషధాల, క్లినికల్ ట్రయల్స్ నియమావళి ప్రకారం, మందు తీసుకొనేవారికి ఇచ్చే వివరాల పత్రమూ సమ్మతి పత్రమూ వారికి అర్థమయ్యే భాషలో, సాంకేతిక పదాల బరువు లేకుండా ఉండవలె. ఆ పత్రాలు ఒక భాష నుండి మరొక భాషకు అనువదింపబడే చోట పదకోశం ముందు పెట్టుకొని ట్రయల్‌కు సమానమైన ఒక్క మాట కోసం గంటలు గడపవలసిన పనిలేదు. నాలుగు చిన్న వాక్యాలు చాలును. ఈ మందు ఎంతవరకు పనిచేస్తుందో ఇంకా పూర్తిగా తెలియదు. తెలుసుకొనడానికి మీ అమ్మాయికి ఇచ్చి చూడదలచినాము. మీరు వద్దంటే ఇవ్వము, మధ్యలో మానుకొన్నా అభ్యంతరం లేదు. ఏదైనా తేడా వస్తే ఫలానా వారు చూచుకొంటారు, వారి పేరు క్రింద ఉన్నది.